మూఢం రోజుల్లో బ్యాటరీలు

మొన్న మా వీధిలో పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడు సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు కింద రిమోటు పట్టుకుని నిలబడితే పైన డ్రోను తిరుగుతూ ఊరేగింపంతా తీసేస్తుంది కదా, దానికి వేసే లిథియం బ్యాటరీలు ఆ సంచిలో ఉన్నాయి. తీసి బల్లమీద పెట్టాడు. అన్నీ పూరీల్లా పొంగి ఉన్నాయి.

"ఏటి చేసేవురా వీటిని?" అన్నాను.

"ఏటీ సెయ్యనేదు మావయ్యా. మూఢం కదా, పెళ్ళిళ్ళు నేవు. శుభ్రంగా ఫుల్లు ఛార్జింగు పెట్టి బీరువాలో దాసీసేను. ఇయ్యాల తీసి సూస్తే ఇలగున్నాయి."

నాకు ఒళ్ళు మండింది. వాటిని గుచ్చొద్దు, నొక్కొద్దు, పొరపాటున కూడా మళ్ళీ ఛార్జింగు పెట్టొద్దు, ఇంటికి దూరంగా పొడి ఇసకలో ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే చోటికి రేపే పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి అని గట్టిగా చెప్పాను. వాడు మొహం వేలాడేసుకుని, "మరి ఎలగ దాసాల?" అన్నాడు. సగం ఛార్జిలో, చల్లటి చోట అన్నాను.

"సగమేటి మావయ్యా? ఎవులు సెప్పేరు నీకు?"

ఎవరు చెప్పారో చెప్పాలంటే పెద్ద కథే. వాడు బండి తీసి వెళ్ళిపోయాడు గాని, నాకు ఆ ప్రశ్న వదల్లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్ళ కోసం కూర్చుని రాస్తున్నాను. ఎవరి దగ్గర ఎంతకాలం చేశాను, ఏ పెద్దల పెళ్ళిళ్ళు తీశాను అనే సోది నేను రాయను. మోకాళ్ళు ఇంక నిలబడలేమని చెప్పేదాకా పెళ్ళిళ్ళు తీశాను, అంతే.

ముందు ప్లగ్గు చూసుకోండి

తొంభైల మొదట్లో చోడవరంలో ఒక ఫోటో స్టూడియోలో వీడియో పనికి చేరాను. యజమాని అప్పలరాజు గారు. నేను ఆయన్ని గురువుగారూ అనేవాణ్ణి. కెమెరా పట్టడం నేర్పింది ఆయనే.

వీడియో తీసేవాడంటే అందరికీ కెమెరా కనబడుతుంది, భుజం కనబడుతుంది. అసలు మా బతుకంతా బ్యాటరీ చుట్టూ తిరిగేది. అప్పటి కెమెరా దున్నపోతంత బరువు. దాని బ్యాటరీ అరగంటకే నీరసపడిపోయేది. అందుకని పెళ్ళివారింటికి వెళ్ళగానే పెళ్ళికూతురెవరో తెలుసుకోకముందే ప్లగ్గు ఎక్కడుందో చూసుకునేవాళ్ళం. ఇప్పటికీ నా సలహా అదే.

రోలుగుంట దగ్గర ఒక పెళ్ళిలో ప్లగ్గు వంటలవైపు దొరికింది. ఛార్జరు పెట్టి వచ్చాను. తలంబ్రాల ముందు వెళ్ళి చూస్తే ఛార్జరు నేలమీద ఉంది, దాని స్థానంలో గ్రైండరు గిర్రున తిరుగుతోంది. పెళ్ళికూతురి మేనత్త పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"అయ్యో, ఇదెందుకు తీసేరమ్మా?" అన్నాను.

"నీ డబ్బా ఎక్కడికి పోద్ది బాబూ? గారెల పిండి అవ్వకపోతే మగపెళ్ళివారు ఊరుకుంటారేటి?"

నాకు తిక్క రేగింది. గురువుగారికి చెబితే ఆయన పగలబడి నవ్వి, "ఆవిడ మాటా నిజమేరా ప్రసాదూ" అన్నారు. ఆ పెళ్ళిలో తలంబ్రాలు సగమే వచ్చాయి. గారెలు మాత్రం బాగున్నాయి. ఆ తర్వాత నుంచి ఛార్జరు పెట్టిన చోట మనిషిని కూర్చోబెట్టకుండా నేను కదల్లేదు.

గురువుగారి బియ్యం డబ్బా

అప్పలరాజు గారు మంచి పనివాడు, కానీ ఆయనకి ఒక్కసారి ఎవరైనా ఏదైనా చెబితే అది వేదం. విశాఖపట్నంలో ఒక రిపేరు మాస్టరు ఆయనకి చెప్పాడట, పాతరకం నికెల్ బ్యాటరీలని కొద్దిగా వాడి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేస్తే బద్ధకం పట్టి నిండా ఎక్కడం మానేస్తాయని, దాచేముందు పూర్తిగా దించెయ్యాలని. ఆ బ్యాటరీల మట్టుకు అది మంచి మాటే.

అందుకని మూఢం వస్తోందంటే మా స్టూడియోలో ఒక తంతు ఉండేది. ముహూర్తాలు అయిపోయిన మర్నాడు గురువుగారు స్నానం చేసి వచ్చి, ఒక్కొక్క బ్యాటరీకి పాత స్కూటరు బల్బు తగిలించేవారు. బల్బు వెలిగి, ఎర్రబడి, నిప్పుకణంలా అయి, ఆరిపోయేది. "పడుకో నాయనా" అని దాన్ని గుడ్డలో చుట్టి, చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో పెట్టేవారు. పైన పసుపు బొట్టు కూడాను. మళ్ళీ ముహూర్తాలు వచ్చేదాకా ఆ డబ్బా ఎవరూ ముట్టకూడదు. ఒకసారి ఇంట్లో బియ్యం నిండుకుని వాళ్ళావిడ అందులోంచి తీసి వండేసింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మిగిలిన సామాను కూడా అప్పుడే బాగుచేయించేవాళ్ళం. పెద్ద కెమెరాని శుభ్రం చేయించడానికి విశాఖపట్నం పంపేసేవారు. మూఢంలో మాకు పని ఉండదని అంత గట్టి నమ్మకం.

తొంభైల చివర్లో స్టూడియోకి చేతిలో ఇమిడిపోయే కొత్త కెమెరా వచ్చింది. దాంతో రెండు లిథియం బ్యాటరీలు వచ్చాయి. అరచేతిలో పట్టేంత ఉండి గంటకి పైగా నడిచేవి. గురువుగారు వాటిని చంటిపిల్లల్లా చూసుకున్నారు. కొన్నాళ్ళకే రోలుగుంటలో మళ్ళీ ఒక పెళ్ళి, ఆ సీజనుకి ఆఖరు ముహూర్తం. ఎండాకాలపు వాన దంచి కొట్టింది. ఇంటికొచ్చాక చూస్తే ఒక బ్యాటరీ లేదు. వెతకని చోటు లేదు. "వంటోళ్ళే పట్టుకుపోయేరు" అని గురువుగారు రెండు నెలలపాటు ఆ ఊరి వంటవాళ్ళని తిడుతూనే ఉన్నారు.

మిగిలినదాన్ని మామూలుగానే బల్బుకి తగిలించి, చివరిదాకా దించి, బొట్టు పెట్టి, బియ్యం డబ్బాలో నిద్రపుచ్చారు. కొత్తరకం కదండీ, దీనికి కూడా ఇలాగేనా అని నేను అడిగాను. "బ్యాటరీ అంటే బ్యాటరీయేరా, దానికి వేరే శాస్త్రం ఉంటదేటి?" అన్నారు.

ఆషాఢంలో పెళ్ళి

ఆ ఏడు మూఢమూ ఆషాఢమూ కలిసొచ్చాయి. స్టూడియోలో ఈగలు తోలుకుంటున్నాం. అప్పుడు చీడికాడ వైపు పల్లెలో బడి పంతులు జోసెఫ్ మాస్టారు, కూతురు సుగుణని వెంటబెట్టుకుని వచ్చారు.

"పెళ్ళండీ అప్పలరాజుగారూ. వచ్చే వారమే. వడ్డాది చర్చిలో."

"ఆషాఢంలో పెళ్ళేటి మాస్టారూ?"

"మాకు మూఢాలూ ఆషాఢాలూ నేవు కదండీ. పెళ్ళికొడుక్కి సెలవు ఇప్పుడే దొరికింది."

మేమూ క్రైస్తవులమే. అయినా సరే, గురువుగారి దగ్గర ఇన్నాళ్ళు పని చేసి నాకూ ఈ రోజుల్లో పెళ్ళంటే వింతగా వినిపించడం మొదలైంది. నాకు నవ్వొచ్చింది. సుగుణ మాత్రం నవ్వలేదు. తండ్రి గురువుగారితో మాట్లాడుతుంటే నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, మా అమ్మకి పెళ్ళికి రావడం అవ్వదు. నూతికాడ జారి పడిపోయింది, తుంటి ఎముక విరిగింది. కదలకూడదన్నారు. పెళ్ళి వాయిదా ఎయ్యమంటే అమ్మే ఒప్పుకోనేదు. నా కాలు కోసం పిల్ల పెళ్ళి ఆపుతారేటని కేకలేసింది."

"మరైతే వీడియో అయ్యాక చూస్తారులే అమ్మా."

"అయ్యాక కాదు. ఆ రోజే సూపించాలి. చర్చిలోంచి తిన్నగా ఇంటికి తీసుకెళ్ళి, అమ్మ పక్కన కూకుని నేనే సూపిస్తానని మాటిచ్చేను. సాయంత్రం నన్ను అత్తోరింటికి తీసుకుపోతారు. ఈ ఒక్కటీ సెయ్యన్నయ్యా."

మా మాటలు విని గురువుగారు, "దానికేటమ్మా, మీ ఇంట్లో టీవీ ఉంది కదా, కెమెరాకి తీగ తగిలిస్తే అదే కనపడద్ది. పూచీ మాది" అన్నారు.

మాటిచ్చాక నాకు బియ్యం డబ్బా గుర్తొచ్చింది. పెద్ద కెమెరా విశాఖపట్నంలో ఉంది. ఉన్నది చిన్న కెమెరా, ఒక్క బ్యాటరీ. పెళ్ళి ముందురోజు దాన్ని లేపి ఛార్జరులో పెడితే దీపం టపటపా కొట్టుకుని కాసేపటికి ఆరిపోయింది. గురువుగారు "ఎక్కిపోయింది, సూడు" అన్నారు. ఇంత తొందరగా ఎలా ఎక్కుతుందని నాకు అనుమానం వచ్చింది. ఆయనకి రాలేదు. చర్చిలో కరెంటు ఉంటుంది, తీగతోనే నడిపించొచ్చులే అని నేనూ ఊరుకున్నాను.

వడ్డాది చర్చిలో

పెళ్ళిరోజు పొద్దున్నుంచీ వాన. గురువుగారూ నేనూ స్కూటరుమీద వడ్డాది చేరేసరికి మా ఒంటిమీద పొడి చోటు లేదు. కెమెరా మాత్రం గురువుగారి రెయిన్‌కోటు కింద భద్రంగా ఉంది. పాటలు మొదలయ్యాయి. నేను తీగ బిగించి గుమ్మంవైపు తిప్పేసరికి ఫ్యాన్లు ఆగిపోయాయి. కరెంటు పోయింది.

బ్యాటరీ వేశాను. కెమెరా ఉలకలేదు, పలకలేదు. తీసి, తుడిచి, మళ్ళీ వేశాను. ఊహూ.

జోసెఫ్ మాస్టారు కంగారుగా నా చెవిలో, "మా ఊళ్ళో కూడా కరెంటు నేదు బాబూ. గాలికి స్తంభాలు పడిపోయేయి. టీవీ ఆడదు. అమ్మాయికి ఇంకా సెప్పనేదు" అన్నారు. అవతల సుగుణ తెల్లచీరలో గుమ్మం దగ్గరికి వచ్చేసింది. ముందు మా కెమెరా వైపే చూసింది.

గురువుగారు మొహం తుడుచుకోవడానికి జేబురుమాలు కోసం రెయిన్‌కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టారు. అలాగే ఉండిపోయారు. చెయ్యి బయటికి తీస్తే అందులో బ్యాటరీ ఉంది. రోలుగుంటలో పోయిందనుకున్న బ్యాటరీ! ఆ పెళ్ళిరోజు వానలో సగం వాడినదాన్ని జేబులో వేసుకుని, రెయిన్‌కోటు మడిచి స్కూటరు డిక్కీలో పడేశారు. మళ్ళీ వాన వచ్చేదాకా దాన్ని విప్పిందెవరు?

"ఓరి నాయనో! ఇదిక్కడుందేట్రా!" అన్నారు.

వేశాను. కెమెరా వెలిగింది. నిండుగా ఉంటే మూలన నాలుగు గీతలు కనబడతాయి. రెండు కనబడ్డాయి.

రెండు నెలలు డిక్కీలో పడి ఉన్నది బతికింది. స్నానం చేసి, బొట్టు పెట్టి, బియ్యంలో దాచినది చచ్చింది. దాని గురించి ఆలోచించే తీరిక అప్పుడు లేదు. నా బుర్రలో లెక్క ఒకటే. పల్లెలో టీవీ లేదు. కాబట్టి ఆ తల్లి చూడాలంటే కెమెరాకి ఉన్న వ్యూఫైండర్లోనే, అంటే మనం కన్ను ఆనించి చూసే ఆ చిన్న అద్దంలోనే చూడాలి. దానికీ ఈ బ్యాటరీయే దిక్కు. టేపు వెనక్కి తిప్పడానికి కొంత, మళ్ళీ నడపడానికి కొంత మిగల్చాలి. ఎంత ఎక్కువ తీస్తే ఆవిడకి అంత తక్కువ.

సుగుణ నడిచి రావడం తీశాను, ఆపేశాను. ప్రసంగం వదిలేశాను. ప్రమాణాలు తీశాను, ఉంగరాలు తీశాను, సూత్రం కట్టడం తీశాను. సూత్రం కట్టగానే ఆ పిల్ల తల ఎత్తి కెమెరాలోకి చూసి పెదాలు కదిపింది. ఏమందో నాకు వినబడలేదు. అది చాలనుకుని ఆపేశాను. ఒక్క గీత మిగిలింది.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. సుగుణ మేనమామ నలుగురిలో పలుకుబడి ఉన్న మనిషి. ఊరి పెద్దలని వరసగా నిలబెట్టి, బహుమతులు ఇస్తుంటే వీడియో తియ్యమన్నాడు. "ఏటి, కెమెరా దించీసేవు? వీళ్ళందరూ ఎవులనుకున్నావు?" అని నామీదకి వచ్చాడు.

గురువుగారు నా దగ్గరికి వచ్చారు. క్రైస్తవుల పెళ్ళిళ్ళు మూఢంలో కూడా ఉంటాయని ఆయనకి ఆ వారంలోనే తెలివొచ్చింది. ఈ పెద్దమనిషి మెచ్చుకుంటే ఇంకో పది ఇళ్ళకి చెబుతాడు. ఖాళీ నెలల్లో పని దొరుకుతుంది. "తీసీరా ప్రసాదూ, ఆయన్ని నొప్పించకు" అన్నారు.

"బ్యాటరీ అయిపోయింది గురువుగారూ."

ఆయన నా చేతిలోంచి కెమెరా తీసుకుని కన్ను ఆనించారు. గీత ఉంది. ఆయన చూశారు. ఆయన కెమెరా కట్టేసి, నా చేతిలో పెట్టి, మేనమామ వైపు తిరిగి చేతులు జోడించారు.

"అయిపోయింది బాబూ. చుక్క కూడా నేదు. ఏటి సేస్తాం, కరెంటోడిని అడగండి."

మేనమామ మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మమ్మల్ని ఏ పెళ్ళికీ పిలవలేదు. యజమాని అంటే ఎలా ఉండాలని ఎవరైనా నన్ను అడిగితే ఇదే చెబుతాను. ఆయన శాస్త్రం తప్పి ఉండొచ్చు, మనిషి మాత్రం తప్పలేదు.

గెడ్డ దగ్గర

పెళ్ళివాళ్ళ జీపులో మేమూ ఎక్కాం. చీడికాడ దారిలో గెడ్డ పొంగి రోడ్డుమీదకి వచ్చింది. నీరు తగ్గేదాకా జీపు ఆపేశారు. పెళ్ళికొడుకు ఓపికమంతుడు, ఒక్క మాటా అనకుండా కూర్చున్నాడు. సుగుణ కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గురువుగారు దిగి, చచ్చిపోయిన బ్యాటరీని చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడ్డారు. నేను పక్కకి వెళ్ళాను.

"నేనే సంపేసేనురా దీన్ని" అన్నారు మెల్లిగా.

నాకు జాలి వేసింది. తర్వాత విశాఖపట్నంలో తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకున్నది మీకు చెబుతాను. లిథియం బ్యాటరీని పూర్తిగా దించి దాస్తే, ఉన్న కాస్తా కూడా లోలోపల హరించుకుపోతుంది. ఒక హద్దు కిందికి పోయాక ఛార్జరు దాన్ని ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. మొండికేసి ఎక్కిస్తే నిప్పంటుకోవచ్చు. అలాగని నిండా నింపి దాస్తే, ఆ బిగువుకి, పైగా మన బీరువాల వేడికి, లోపల పాడై ఉబ్బుతుంది. సగంలో ఉంటే దానికి సుఖం. గురువుగారు మతిమరుపుతో సగంలో వదిలేసింది అందుకే బతికింది. డిక్కీ వేడిలో కూడా బతకడం మన అదృష్టం, దాన్ని మీరు పద్ధతి అనుకోకండి. పని లేని రోజుల్లో సగం ఛార్జికి తెచ్చి, చల్లటి పొడి చోట పెట్టి, నెలకోసారి తీసి చూసుకోండి. డ్రోను బ్యాటరీలకీ ఇదే మాట. ఇప్పుడు మంచి ఛార్జర్లలో ఆ పని వాటంతట అవే చేసే ఏర్పాటు ఉంది, దాన్ని నొక్కడానికి మీకేం నొప్పి?

ఆవేళ గెడ్డ దగ్గర మాకు ఇదేమీ తెలీదు. నీరు తగ్గుతుందా, ఆ ఒక్క గీతా నిలుస్తుందా, ఇదే భయం. వెలుగుండగానే నీరు తీసింది.

కరుణమ్మ గారు

జోసెఫ్ మాస్టారి భార్య కరుణమ్మ గారు ముందు గదిలో మంచంమీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కొత్తచీర కట్టబెట్టారు. తల్లో పువ్వులు కూడా పెట్టించుకున్నారు. కూతుర్నీ అల్లుడినీ చూసి ఇద్దరి తలమీదా చెయ్యి వేసి ప్రార్థన చేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"తెచ్చేవా బాబూ నా సినిమా?"

"తెచ్చేనమ్మా. టీవీలో కాదు, ఈ అద్దంలో సూడాల."

టేపు వెనక్కి తిప్పాను. అది గరగరమంటున్నంతసేపూ కన్ను ఆనించి చూస్తూనే ఉన్నాను. మూలన ఆ గీత మినుకుమినుకుమంటోంది. ఆవిడ చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, కంటికి వ్యూఫైండరు ఆనించాను. ఆవిడ ఒక చేత్తో కెమెరా పట్టుకుంటే కింద నా చెయ్యి ఆనించాను. సుగుణ మంచం పక్కన నేలమీద కూర్చుని తల్లి రెండో చెయ్యి పట్టుకుంది. మీట నొక్కాను.

గదిలో ఎవరికీ ఏమీ కనబడదు, ఏమీ వినబడదు. కరుణమ్మ గారి మొహం చూడటమే మా పని. "అదిగో, వస్తంది" అన్నారు. "ఓలమ్మ, నడక సూడు, ఎంత నిదానంగా..." అన్నారు. కాసేపటికి, "ఒప్పుకుంది... ఆ పిల్లడు కూడా ఒప్పుకున్నాడు" అన్నారు. అల్లుడు తల దించుకుని నవ్వుకున్నాడు. ఆవిడ మూసుకున్న కంట్లోంచి నీళ్ళు చెంపమీదుగా చెవిలోకి కారుతున్నాయి. తుడవడానికి ఎవరూ సాహసించలేదు.

సూత్రం కట్టడం అయినట్టుంది. ఆవిడ ఉన్నట్టుండి గట్టిగా, "ఆఁ, సెప్పమ్మా" అన్నారు.

సుగుణ కంగారుగా పైకి లేచి తల్లి మొహంమీదకి వంగింది. "ఏటమ్మా? ఏటి కావాల?"

కరుణమ్మ గారు కెమెరా మీంచి కన్ను తీయలేదు. కూతురి చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, ఊరుకోమన్నట్టు గాల్లో ఊపారు.

"నువ్వుండవే. అక్కడ నా కూతురు పిలుస్తంది."